గుడ్డ బొమ్మలతో పిల్లల పుస్తకం తీశాం: ఎలా జరిగిందంటే

2025 సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టిన పిల్లల పుస్తకం నవంబరు ఆఖరు వారంలో చేతికి వచ్చింది. 32 పేజీలు, క్రౌన్ 1/4 సైజు (సుమారు ఏడున్నర అంగుళాలకు పది అంగుళాలు), అన్ని పేజీలూ రంగుల్లో, వెల 150 రూపాయలు. కథలో పాత్రలు మూడు గుడ్డ బొమ్మలు. వాటిని కుట్టింది మా అత్తయ్య, ఫోటోలు తీసింది మా మరిది, కథ రాసి మిగతా తిరుగుడంతా తిరిగింది నేను. మాది తెనాలి. నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. పుస్తకం చూసినవాళ్లు "ఎంతయింది, ఎన్నాళ్లు పట్టింది, మేమూ తీయవచ్చా" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పే కంటే, జరిగింది జరిగినట్టు ఒకచోట రాసిపెడితే మేలని కూర్చున్నాను.

అత్తయ్య చాలా ఏళ్లు జాకెట్లు కుట్టారు. ఇప్పుడు బయటి పని మానేసినా, మిగిలిన ముక్కల మూటలు అటక మీద అలాగే ఉన్నాయి. ఈ బొమ్మలు వాటిలోంచి పుట్టినవే. ఏనుగేమో మా మామయ్య పాత గళ్ల లుంగీతో, కుందేలు తెల్ల టర్కీ తువ్వాలుతో, ఉడుత సన్న చారల చొక్కా గుడ్డతో. ఏనుగు కడుపులో పాత దిండు విప్పి తీసిన బూరుగు దూది కూరారు. కుందేలులో కత్తెరతో సన్నగా తరిగిన గుడ్డ పేలికలు. ఉడుత దగ్గరికి వచ్చేసరికి ఆ రెండూ అయిపోయి, విజయవాడ వన్‌టౌన్‌లో కిలోల లెక్కన అమ్మే ఫైబర్ దూది తెప్పించాం. లోపల ఏముందో బయటికి కనిపించదు కదా, కథకూ దానికీ సంబంధం ఏముంటుంది? తీరా చూస్తే కథ నడిచిందంతా ఆ కూరిన సరుకు మీదే.

ఫిబ్రవరిలో నోటుపుస్తకంలో కథ రాశాను. గళ్ల గున్న అనే ఏనుగుకు ఒక గుండీ కన్ను ఊడి కాలువలో పడుతుంది. మెత్తి అనే కుందేలు, చిట్టి అనే ఉడుత అరటి బోదెలతో తెప్ప కట్టి, గున్నను ఎక్కించుకుని, కన్ను వెతకడానికి బయలుదేరతాయి. దారిలో తెప్ప తిరగబడుతుంది. గున్న మునిగిపోతుంటే మెత్తి ఈదుకుంటూ వెళ్లి కాపాడుతుంది. తెనాలి మధ్య నుంచి మూడు కాలువలు పారుతాయి కాబట్టి ఊరు దాటకుండానే సాహసయాత్ర అయిపోతుందని నా లెక్క.

చదివి వినిపిస్తే అత్తయ్య కళ్లజోడు తీసి, "కుందేలు ఈదడమేమిటమ్మాయ్, అందులో ఉన్నది పేలికలు. నీళ్లలో వేశావంటే మళ్లీ పైకి రాదు" అన్నారు.

"కథే కదా అత్తయ్యా" అన్నాను.

ఆవిడ ఇంకేమీ మాట్లాడకుండా లేచి, బట్టలు నానబెట్టే తొట్టి నిండా నీళ్లు పట్టి, రెండు బొమ్మల్నీ అందులో వదిలారు. కుందేలు చెవుల దగ్గర నుంచి బుడగలు వదులుతూ కాసేపట్లో అడుక్కి చేరింది. ఏనుగు పక్కకు ఒరిగి, తొండం పైకి పెట్టుకుని తేలుతూనే ఉంది. పైన లుంగీ గుడ్డ తడిసి నల్లబడింది కానీ సాయంత్రం దాకా ఉంచినా మునగలేదు. బూరుగు దూది నీటిని సులువుగా పీల్చదు. ప్లాస్టిక్ నురుగు రాకముందు ఓడల్లో వాడే లైఫ్ జాకెట్లలో ఇదే నింపేవారని తర్వాత చదివాను. అత్తయ్యకు అవేవీ తెలియవు. వానలో తడిసిన దిండ్లు ఆరబెట్టిన అనుభవం ఆవిడది.

ఆ రాత్రే కథ తిరగరాశాను. అందరికంటే బరువుగా కనిపించే ఏనుగు తేలుతుంది. ఎగిరి గంతులు వేసే కుందేలు మునుగుతుంది. ఒంటికన్ను గున్న తొండం చాచి మెత్తిని లాగుతాడు. ఇప్పుడు పిల్లలు మళ్లీ మళ్లీ తిప్పి చూసే పేజీ అదే. దాని ఘనత నాది కాదు, తొట్టిది.

ఇలాంటిదే ఇంకొకటి. గున్న కాళ్లలో దూది వదులుగా ఉండటంతో బొమ్మ నిలబడదు. ఏ ఫోటోలో చూసినా ఎడమకు వాలిపోతుంది. కాళ్లలో ఇనుప తీగ పెడదామని మరిది అన్నాడు. పెడితే నిలబడింది, కానీ పక్షవాతం వచ్చినవాడి కాళ్లు చూసినట్టుంది. తీగ తీసేశాం. గున్న ఎప్పుడూ ఎవరికో ఒకరికి, లేదా దేనికో ఒకదానికి ఆనుకునే ఉంటాడని కథలోనే పెట్టేశాం. గోడకు, అరటిచెట్టుకు, మెత్తికి. చివరికి అదే గున్న స్వభావం అయింది. బొమ్మ చేయలేని పనిని బలవంతంగా చేయించకుండా కథను దానివైపు వంచుకుంటే సగం బాధలు తగ్గుతాయి. గుడ్డ బొమ్మకు ముఖం మారదు. నవ్వదు, ఏడవదు. మారేది తల ఒంపు, చెవుల వాలు మాత్రమే. గడ్డం ఛాతీకి తగిలేలా వంచితే దిగులు, చెవి ఒకటి గుండుసూదితో వెనక్కి పెడితే భయం. రాతలో నేను "భయపడ్డాడు", "సంతోషించాడు" అని రాసుకున్నవన్నీ కొట్టేశాను. ఫోటోలో కనిపిస్తున్నది మళ్లీ చెప్పనక్కర్లేదు. అలా తగ్గించుకుంటూ పోతే పుస్తకం మొత్తానికి మిగిలిన మాటలు నాలుగు వందల లోపే.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక, ఫోనులో తీసిన ఫోటోలను తెల్ల కాగితాల మీద అంటించి, చేతిరాతతో ఒక నమూనా పుస్తకం చేసి రెండో తరగతికి తీసుకెళ్లాను. ఈ పని తప్పకుండా చేయండి, ఖర్చు దాదాపు లేదు. ఒత్తులు ఎక్కువ ఉన్న మాట వచ్చిన ప్రతిచోటా పిల్లల వేలు ఆగిపోతోంది. "ఆశ్చర్యంగా" దగ్గర క్లాసంతా ఆగింది. అది తీసేసి "నోరు తెరిచి" అని పెట్టాను. నేను ఎదురుచూడని ప్రశ్న మాత్రం చివర్లో వచ్చింది. కన్ను దొరికింది, గున్న రెండు కళ్లతో నవ్వుతూ కూర్చున్నాడు, కథ అయిపోయింది. వెనక బెంచీలోంచి ఒక పాప లేచి, "టీచర్, కన్ను ఎవరు కుట్టారు?" అంది. అంతే, అందరూ అదే ప్రశ్న. ఉడుతకు సూది పట్టుకోవడం వచ్చా? దారం ఎక్కడిది?

నిజమే, పుస్తకంలో మనుషులెవరూ లేరు. అందుకని ఒక పేజీ కలపాలనుకున్నాం. సూదిలో నల్లదారం ఎక్కిస్తున్న రెండు చేతులు మాత్రమే, ముఖం లేకుండా. అత్తయ్య ఒప్పుకోలేదు. "ఈ చేతుల్ని పుస్తకంలో వేస్తారా? ఆషాఢం రానీయండి, గోరింటాకు పెట్టుకున్నాక తీసుకోండి" అన్నారు. మార్చిలో అడిగితే ఆషాఢం అంటే జూన్ ఆఖరు. మరిది నవ్వాడు కానీ ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఎలాగూ అప్పటిదాకా ఆగాల్సిందే, ఎందుకంటే వేసవిలో కాలువలు కట్టేస్తారు. నీళ్లు లేని కాలువలో తెప్ప నడవదు.

ఆ వేసవి ఖాళీగా ఏమీ పోలేదు. బొమ్మ ఒక్కటి ఉంటే చాలదని అప్పుడే తెలిసింది. కన్ను ఉన్న గున్న, కన్ను ఊడిన గున్న, బురదలో దొర్లిన గున్న - ముగ్గురు కావాలి. బురద ఉతికితే రంగు మారుతుంది, ఉతికిన బొమ్మ ముందు పేజీలతో కలవదు. కానీ లుంగీ ఒక్కటే. అదే గళ్లది బజారులో దొరికింది కానీ కొత్తది కొట్టొచ్చినట్టు నీలం, పాతది వెలిసి ఆకాశం రంగు. అత్తయ్య కొత్త లుంగీని రోజూ చాకలి సోడా నీళ్లలో ముంచి, డాబా మీద మే నెల ఎండలో వేసేవారు. ఒకవైపు తిరగేసి, సాయంత్రం తీసి, పాతదాని పక్కన పెట్టి చూసేవారు. నెల దాటాక రెండూ ఒక దరికి వచ్చాయి. మామయ్య తన లుంగీలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది కూడా అప్పుడే.

ఇంట్లో తీయగలిగినవన్నీ మేలోనే తీశాం. రైల్వే స్టేషన్‌లో ఒక పేజీ అనుకున్నాం కానీ, అమ్మే పుస్తకం కోసం అక్కడ ఫోటోలు తీయాలంటే అనుమతి కావాలి. అట్టపెట్టెలతో ప్లాట్‌ఫారం కట్టేశాం. నిజం స్టేషన్ కంటే అదే బాగుంది.

జులైలో కాలువలకు నీళ్లు వచ్చాయి. పొద్దున్నే ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు, మళ్లీ సాయంత్రం కాసేపు - ఈ రెండు వేళలే పనికొస్తాయి. ఎండ ఎక్కాక తెల్ల తువ్వాలు కుందేలు ఒక తెల్లటి మచ్చగా పడుతుంది, బొచ్చు కనిపించదు. కెమెరా బొమ్మ కళ్ల ఎత్తులో ఉండాలి. అంటే గట్టు మీద ప్లాస్టిక్ పట్టా పరుచుకుని బోర్లా పడుకోవాలి. నిలబడి తీస్తే అవి నేల మీద పారేసిన బొమ్మలుగా ఉంటాయి. పడుకుని తీస్తే ప్రాణం వస్తుంది. మరిది కెమెరా ఖరీదైనదేమీ కాదు, ఈ ఎత్తు ఒక్కటే మా పుస్తకాన్ని నిలబెట్టింది.

తెప్పకూ గున్నకూ గాలం వేసే నైలాన్ దారం కట్టాం, ఫోటోలో కనిపించదని. ఒక ఉదయం ముడి జారి గున్న ప్రవాహంలో పడి కొట్టుకుపోయింది. అవతలి గట్టున బట్టలు ఉతుకుతున్న ఆవిడ ఒక్క కేక పెట్టింది. ఇద్దరు మగవాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చారు. ఒకాయన చొక్కా విప్పేస్తూ, "పిల్ల ఏదమ్మా? పిల్ల ఎక్కడ పడింది?" అని అరుస్తున్నాడు. "పిల్ల లేదండీ, బొమ్మ ఒక్కటే" అని నేను ఇవతలి నుంచి గొంతు చించుకుంటున్నా నమ్మడం లేదు. చివరికి కిందవైపు గాలం వేసుకుంటున్న పెద్దాయన గున్నను గట్టుకు లాగారు. అక్కడికి వెళ్లేసరికి నా కాళ్లు వణుకుతున్నాయి. "బొమ్మ తేలుతూ వస్తే వెనకాల పిల్ల ఉందనే అనుకుంటామమ్మా. ముందే చెప్పాలి కదా" అన్నారాయన, కోపం లేకుండానే. ఆ తర్వాత ప్రతిసారీ రెండు గట్ల మీదా ఉన్నవాళ్లందరికీ చెప్పాకే బొమ్మను నీళ్లలో దించాం. నీటి దగ్గర బొమ్మలతో పని పెట్టుకునేవాళ్లు కెమెరా కంటే ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఆషాఢంలో అత్తయ్య చేతులు పండాయి. ఆ పేజీ ఒక పూటలో అయిపోయింది. ఫోటో చూసుకుని "వేళ్ల కీళ్లు లావుగా పడ్డాయి" అన్నారు కానీ వద్దనలేదు.

అన్నీ అయిపోయాయనుకుని కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే ఉడుత ఒంటి మీద రంగురంగుల అలలు. బొమ్మ మీద అవి లేవు. గుడ్డ చారలు మరీ సన్నగా ఉంటే కెమెరా లోపలి గళ్లతో అవి ఢీకొని ఇలా లేని గీతలు పుడతాయట. అచ్చులో చుక్కలుగా విడగొట్టినప్పుడు ఇంకా పెరుగుతాయని కంప్యూటర్‌లో పేజీలు అమర్చే (డీటీపీ) అబ్బాయి చెప్పాడు. కొన్ని ఫోటోల్లో సరిచేయవచ్చు, దగ్గరగా తీసినవాటిలో కుదరదు. అత్తయ్య ఉడుతను మళ్లీ కుట్టారు, ఈసారి సాదా గోధుమరంగు గుడ్డతో. వీపు మీద మూడు గీతలు లావు దారంతో. రాముడు గీసినవి మూడే కదా, అసలు మొదటి నుంచీ అలాగే ఉండాల్సింది అన్నారు. ఉడుత ఉన్న పేజీలన్నీ ఆగస్టులో మళ్లీ తీశాం. మొత్తం పనిలో నాకు ఏడుపు వచ్చింది ఒక్క ఆ వారమే. కొత్త గుడ్డ కొనేముందు ఫోనుతోనైనా ఒక ఫోటో తీసి పెద్దది చేసి చూడండి.

తర్వాత పేజీల అమరిక. నేను కథను ఫోనులో, ఫోన్లూ కంప్యూటర్లూ అన్నిటిలో ఒకేలా పనిచేసే యూనికోడ్‌లో టైపు చేశాను. మొదట అడిగిన చోట పేజీలు అమర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో "అను" అనే ఫాంట్లతో చేస్తామన్నారు, అవి యూనికోడ్ కావు. ఫాంటు మార్చేటప్పుడు ఒత్తులు పక్క అక్షరాల కిందికి జరిగాయి, రెండు చోట్ల మాయమయ్యాయి. నవలలో ఇలాంటివి ఒకటీ అరా కళ్లు దాటిపోవచ్చు, పేజీకి రెండు వాక్యాలున్న పుస్తకంలో కొండంత కనిపిస్తాయి. ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేసే ఇంకొక అబ్బాయిని పట్టుకున్నాం. అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకుంటే యూనికోడ్ తెలుగు నేరుగా సరిగా కూర్చుంటుంది. ఉచితంగా దొరికే మండలి ఫాంటు వాడాం, గుండ్రంగా, విడివిడిగా ఉంటుందని. డీటీపీకి 4,000 రూపాయలు తీసుకున్నాడు. నీళ్ల మీద తెల్ల అక్షరాలు వేస్తే తెరపై ముచ్చటగా ఉన్నాయి. అచ్చు తీసి మా రెండో తరగతికి చూపిస్తే చదవలేకపోయారు. అక్షరాలన్నీ కింద లేత పట్టీలోకి దించాం.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) కోసం కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ వెబ్‌సైటులో రచయితగా నేనే దరఖాస్తు చేశాను. రుసుము లేదు. మూడో వారంలో నంబరు వచ్చింది. డబ్బు తీసుకుని ఐఎస్‌బీఎన్ ఇప్పిస్తామనేవాళ్లు ఎదురవుతారు, వాళ్ల అవసరం లేదు.

పుస్తకం చదరంగా ఉండాలని నాకు కోరిక. విజయవాడలో ప్రెస్సు ఆయన మాటల్లో చెప్పకుండా, 20×30 అంగుళాల షీటు ఒకటి తీసి బల్ల మీద పరిచి పెన్సిల్‌తో గీతలు గీశారు. చదరం చేస్తే పక్కన పొడుగాటి ముక్క వృథాగా పోతుంది, దానికీ డబ్బు మనమే కట్టాలి. అదే షీటును మూడుసార్లు మడిస్తే క్రౌన్ 1/4 లో సరిగ్గా 16 పేజీలు. అలాంటి షీట్లు రెండు (ప్రెస్సు భాషలో రెండు ఫారాలు), 32 పేజీలు, ముక్క మిగలదు. కోరిక మడిచి పక్కన పెట్టాను. లోపల 130 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాట్ ఆర్ట్ పేపరు, అట్టకు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు మీద మ్యాట్ లామినేషన్, మధ్యలో రెండు పిన్నులు. 500 కాపీలకు 34,000 అన్నారు. వెయ్యి వేస్తే 45,000 లోపే. పేజీలను అచ్చు వేసే అల్యూమినియం ప్లేట్ల ఖర్చు, మిషను సిద్ధం చేసే ఖర్చు రెండింటికీ ఒకటే కావడంతో రెండో అయిదు వందలు చవకగా పడతాయి. అందరూ వెయ్యి వేయమన్నారు. నేను అయిదు వందలకే ఉన్నాను, ఇంట్లో ఉన్నది రెండు గదులు.

సెప్టెంబరు మూడో వారంలో ఫైలు ఇచ్చాను. రెండు వారాలన్నారు. దసరా వచ్చింది. తర్వాత దీపావళి. ఆ తర్వాత క్యాలెండర్లు, డైరీల ఆర్డర్లు వచ్చి పడ్డాయి. ఏడాదికి ఒకసారి వచ్చే ఆ పని ముందు మన 500 కాపీలు నిలబడవు. అక్టోబరు 28న మొంథా తుఫాను. గాలిలో తేమ ఉంటే సిరా ఆరదు, లామినేషన్ బుడగలు కడుతుందని ఇంకో వారం ఆగారు. చిన్న పుస్తకం వేసుకునేవాళ్లు ఆగస్టులోనే ఫైలు అప్పగిస్తే మంచిది.

ముందు సరిచూసుకోవడానికి ఇచ్చే నమూనా ప్రతి (ప్రూఫ్) డిజిటల్ మిషను మీద తీసింది. అసలు అచ్చు ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్ మీద. రెండూ ఒకటి కావు. తెర మీద ఉడుత మెడలో రాణీ రంగు రిబ్బను వెలిగిపోతుంటే కాగితం మీద అది వెలిసిపోయిన తాంబూలం మరక రంగులో వచ్చింది. నాలుగు సిరాలతో ఆ రంగు పుట్టదు, ఎంత డబ్బు పెట్టినా అంతే. ఇంకా సమయం ఉంది కాబట్టి రిబ్బను పసుపు చేయించాం.

అచ్చు రోజున వచ్చి మిషను దగ్గర నిలబడతానని అడిగాను. ఒప్పుకున్నారు. ఇది అడగడానికి మొహమాటపడకండి. మొదటి షీట్లలో కుందేలు నీలంగా వచ్చింది. నీలం తగ్గించమంటే మిషను ఆయన ఒక మీట తిప్పి, "అమ్మా, ఇది తగ్గితే దీని వెంటే ఉన్న కాలువ పేజీ కూడా వెలిసిపోతుంది" అన్నారు. షీటు మీద ఒకే వరుసలో పడిన పేజీలన్నిటికీ సిరా అక్కడి నుంచే పోతుంది. కుందేలు తెల్లగా ఉండాలా, కాలువ నీలంగా ఉండాలా? వెనక మిషను ఆగి ఉంది, అప్పటికే షీట్లు వృథా అయ్యాయి, నా అరచేతులు చెమటలు పట్టాయి. కుందేలు అన్నాను. కాలువ కాస్త మట్టి రంగుకు తిరిగింది. జులై కాలువ అసలు అలాగే ఉంటుంది కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు.

నవంబరు ఆఖరులో కట్టలు వచ్చాయి. పుస్తకం చేతిలో పట్టుకున్నప్పుడు మామూలుగా అందరికీ ఉండే సంతోషమే నాకూ ఉంది, దాని గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. అత్తయ్య మాత్రం గోరింటాకు పేజీ దగ్గర కాసేపు ఆగి, పక్కింటావిడకు చూపించడానికి ఒక కాపీ పట్టుకెళ్లారు. ఆ కాపీ మళ్లీ రాలేదు.

అందరూ వెంటనే అడిగేది బొమ్మ. "గున్న బొమ్మ కూడా ఇస్తారా, పుస్తకంతో కలిపి?" నాకూ అదే ఆశ, దానిలోనే నాలుగు రూపాయలు కనిపిస్తాయని. విచారిస్తే తెలిసింది: 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల ఆటబొమ్మలు మన దేశంలో అమ్మాలంటే ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుడ్డ బొమ్మకూ అంతే. లాగితే కన్ను ఊడుతుందా, నిప్పు ఎంత వేగంగా అంటుకుంటుంది, రంగుల్లో హానికరమైన లోహాలున్నాయా అన్నవి పరీక్షిస్తారు. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తాము చేసి తాము అమ్మేవాటికి మినహాయింపు ఉంది. అత్తయ్యను నమోదు చేయిద్దామన్నాను. "ఇప్పుడు నాకు కార్డులేమిటి, ఏనుగులు కుట్టి అమ్మే ఓపిక ఎక్కడిది" అన్నారు. పైగా కన్ను ఊడటమే మా కథ. మూడేళ్ల లోపు పిల్లల చేతికి గుండీ కన్ను ఉన్న బొమ్మ ఇవ్వకూడదని నేనే తల్లులకు చెబుతుంటాను. అదృష్టం కొద్దీ ఈ సంగతి ఫైలు ఇవ్వక ముందే తెలియడంతో వెనక అట్ట లోపలివైపు గున్న కటింగ్ నమూనా వేశాం, కన్ను గుండీతో కాకుండా దారంతో ఎలా కుట్టాలో బొమ్మ గీసి. బొమ్మ అమ్మడం లేదు, కుట్టుకునే దారి ఇస్తున్నాం. పుస్తకాలకు జీఎస్టీ లేదు, ఈ పేజీ వల్ల కొత్త చిక్కేమీ రాలేదు.

అమ్మకాల సంగతి. పుస్తకాల దుకాణాల్లో మాకు ఎదురైన కమీషన్ 40 శాతం, అదీ అమ్ముడయ్యాకే డబ్బు. 150లో మనకు 90 వస్తుంది. అచ్చు ఖర్చే కాపీకి 68. పిన్నుల పుస్తకానికి వీపు ఉండదు కాబట్టి అరలో నిలబెడితే పేరు కనిపించదు, పక్క పుస్తకాల మధ్య మాయమవుతుంది. ఒక దుకాణంలో మా పుస్తకం ఉందో లేదో నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవంలో తెలిసినవాళ్ల స్టాలులో ఒక బల్ల పంచుకున్నాం, అద్దెలో మా వాటా 3,000. పుస్తకం పక్కన ముగ్గురు బొమ్మల్నీ కూర్చోబెట్టి "అమ్మకానికి కాదు" అని రాసి పెట్టాం. బురద గున్నను పట్టుకోవడానికి పిల్లలు వచ్చేవారు, వాళ్ల వెనక పెద్దవాళ్లు. ఉన్న కాపీల్లో దాదాపు సగం అక్కడే పోయాయి.

పోస్టులో పంపడానికి 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అనే పద్ధతి ఉంది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పైన పన్ను. రోడ్డు, రైలు మార్గంలోనే వెళుతుంది కాబట్టి నెమ్మది, కానీ ఎక్కడ ఉందో చూసుకోవచ్చు. పుస్తకం మీద ప్రచురణకర్త పేరు లేదా ముద్రాపకుల పేరు ఉండాలి, లోపల వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబయి, ఢిల్లీల్లోని మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కొక్క కాపీ మన ఖర్చుతో పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. ముప్ఫై రోజుల లోపు. అవీ పంపాను.

లెక్క చెప్పాలంటే గుడ్డలు, ఫైబర్, దారాలు 1,400. ప్రూఫులు 1,200. డీటీపీ, అచ్చు పైన చెప్పాను. స్టాలు అద్దె, రానుపోను ఛార్జీలు, పోస్టు కవర్లు కలిపితే 46,000 దాటింది. ఫిబ్రవరి మొదటికి చేతికి వచ్చింది 41,000. దుకాణాల నుంచి రావలసింది ఇంకా ఉంది. అత్తయ్య కుట్టు కూలి, మరిది కెమెరా, నా సెలవులు ఇందులో లేవు. వాటిని కూడా లెక్క వేస్తే ఎవరూ ఇలాంటి పుస్తకం తీయరు.

ప్లేట్లు ప్రెస్సులో ఉంచరు, అల్యూమినియం కదా, తుక్కు కింద వెళ్లిపోతాయి. రెండో ముద్రణ అంటే మళ్లీ ప్లేట్ల ఖర్చే. అయినా వేసవి సెలవుల్లోపు వేయాలనే అనుకుంటున్నాం. ఈసారి వెయ్యి. లోపలి కాగితం 130 నుంచి 150 జీఎస్ఎంకు మారుస్తున్నాం, ఎందుకంటే మా బడిలో ఇచ్చిన కాపీలన్నిటిలోనూ తెప్ప తిరగబడే పేజీయే పిన్ను దగ్గర చిరిగింది. బరువు కాస్త పెరిగినా కవరుతో కలిపి 300 గ్రాములు దాటదు, తూచి చూశాను.